బిందె వంతు

మర్రిగూడ దాటినాక రెండో మలుపులో
రేకుల కప్పు, ఒంటి సిలువ, పగిలిన గంట.
అదే నాకిచ్చిన సంఘం.
సెమినరీ నుంచి మూడు నోట్‌బుక్కులు తెచ్చుకున్న:
విశ్వాసానికొకటి, క్రియలకొకటి,
కడదాకా నిలబడుడుకొకటి.
మూడోది సగమే నిండింది,
పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.

మొదటి ఆదివారం
"మోకరించుదము" అన్న.
అందరూ వంగిన్రు. లూదెమ్మ ఒక్కతే నిలబడ్డది.
గర్వమనుకున్న.
తర్వాత ఎవరో చెవిలో చెప్పిన్రు
ఆమె మోకాళ్లు వంగక పదమూడేండ్లయిందని,
చిన్ననాటి నుంచి తాగిన బోరునీళ్లు
ఎముకల్లో సున్నమై కూసున్నయని.
మెడ తిరగదు. పక్కోళ్లను చూడాలంటే
మనిషి మనిషే తిరగాలె,
గుడిసె తలుపు తిరిగినట్టు.

ఆ చలికాలమంతా రక్షణ మీద బోధించిన.
"కృప చేతనే, మన చేతలతో కాదు" అంటే
సంఘపెద్ద ఇశ్రాయేలు గట్టిగ "ఆమెన్" అన్నడు,
పత్తి కూలోళ్ల పైసలు దసరాకు గాని ఇయ్యనోడు.
మరుసటి వారం
"క్రియల్లేని విశ్వాసం ఎండిన బోరు" అన్న.
ఆ వారం ఆమెన్ కొంచెం సన్నబడ్డది.

బయట చెప్పులేసుకుంటుంటే
లూదెమ్మ మనిషంతా నా దిక్కు తిరిగింది.
"అయ్యగారూ, నాకు రాతలు రావు.
నల్ల కాడి సంగతి చెప్త, తప్పుంటే దిద్దుండ్రి.
కృష్ణ నీళ్లు నేను తేలే.
గుట్టలు తొలిచి, పైపులేసి ఎవరో తోలిన్రు
నా పేరు కూడ ఎరగకుంట.
ఒక్క బొట్టుకు నేను పైస ఇయ్యలే.
అయితే బిందె పెట్టకపోతే
ఆ నీళ్లు నా గడప ముంగటికెళ్లే మోరిల కలుస్తయి.
బిందె నీళ్లను చేస్తదా? చెయ్యదు.
బిందె లేకుంట నా ఇంట్ల కూర ఉడుకుతదా?"

తలూపిన. రాసుకుందామని నోట్‌బుక్కు తీసిన కూడ.
"ఆగుండ్రి, ఇంకున్నది" అన్నది.

"నీళ్లు ఏ యాళ్లకు ఒస్తయో లైన్‌మనుకే తెల్వదు.
నడిరాత్రి ఒస్తయి, తెల్లారగట్ల ఒస్తయి,
రెండొద్దులు అసలుకే రావు.
రావని బిందెలు ఎత్తుకపోయినోళ్లున్నరు.
నేను పోలే. నా గొప్ప కాదు,
ఒకపారి కాళ్లు సాపి కూసుంటే లేవలేను గద."

నవ్వింది. ఆ నవ్వుకు కూడ కీళ్లు నొచ్చినట్టుంది.

"మొన్న బేస్తారం
కూసున్నకాడ్నే నిద్రపట్టింది నాకు.
ప్రార్థన లేదు, మెలకువ లేదు, ఏం లేదు.
కండ్లు తెరిచేసరికి బిందె నిండి ఉన్నది,
కుక్క మూతి పెట్టకుంట పైన చెంబు బోర్లించి.
ఎవరంటే గొల్ల సాయవ్వ.
మైసమ్మకు బోనం ఎత్తే మనిషి,
మన గుడి మెట్టెక్కింది లేదు.
తన బిందె పక్కకు జరిపి నాది నింపింది.
ఇగ చెప్పుండ్రి.
నా నమ్మకం నిద్రపోయింది,
నా చేతులు నిద్రపోయినయి,
ఓర్సుకునుడు గుర్రుపెట్టింది.
ఈ బిందెడు నీళ్లు
ఏ ఖాతాల రాస్తరు?"

గంట కొట్టే పిల్లగాడు తాడు చుట్టబెడుతున్నడు.
నా దగ్గర జవాబులు మూడున్నయి,
మూడూ మార్కులు పడేవే.
"తెల్వదమ్మా" అన్న.
"సరే, తెలిసిననాడు చెప్పుండ్రి" అని
గోడ పట్టుకొని పోయింది.

ఆ రాత్రి పన్నెండు దాటినాక నల్లకాడికి పోయిన,
ఊరికే, చూద్దామని.
వరుసలో బిందెలు, బకెట్లు, ఓ నూనె డబ్బా,
మనుషుల బదులు వంతుకు నిలబడ్డ రాళ్లు.
సాయవ్వ గొంగడి కప్పుకొని కునుకుతున్నది.
లూదెమ్మ మేలుకొని ఉన్నది.
తల తిప్పలేక
చేత్తో పక్కన జాగ చూపెట్టింది.

కూసున్న.
పైపులో గాలి ఒక్కటే బుసకొడుతున్నది.
సాయవ్వ బిందె ఎవరు నింపాలెనో
మేమిద్దరం మాట్లాడుకోలే.